నాలుగోసారి టెస్టు

"మళ్ళీ వచ్చినారా?" అంది అబిగయీలు.

"వచ్చినా" అన్నాను.

"నెలలో ఇది నాలుగోసారి. మూడుసార్లూ నెగెటివే కదా?"

"ఈసారి మారుంటే?"

ముత్తుకూరు లారీల స్టాండు పక్కన ప్రతి శనివారం ఒక టెస్టు వ్యాను ఆగుతుంది. డ్రైవర్లకీ, క్లీనర్లకీ, పోర్టులో పనికొచ్చిన వలస కుర్రాళ్ళకీ హెచ్‌ఐవీ గురించి చెప్పి, వేలి నుంచి చుక్క రక్తం తీసి టెస్టు చేసే యూత్ గ్రూప్ వాళ్ళది. అబిగయీలు అందులో కౌన్సెలర్. నేను రూఫస్‌ని, టిప్పరు డ్రైవర్ని. మొదటిసారి మా క్లీనర్ ముఖేష్ పందెం కాస్తే వెళ్ళాను. సూది చూడగానే కళ్ళు తిరిగి కుర్చీతో సహా పడ్డాను.

అబిగయీలు నా ముఖాన నీళ్ళు కొట్టి, "అంత బండి నడుపుతారు, ఇంత సూదికి పడిపోతారా?" అని నవ్వింది చూడండి, ఆ నవ్వుకి మళ్ళీ కళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి సూదికి భయపడుతూనే శనివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఈసారి మాత్రం ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగింది. "దాచకుండా చెప్పండి. అంత భయపడే పని ఏం చేసినారు? ఎంతమందితో?"

"ఒక్కరితో కూడా లేదండీ!" అని అరిచాను. స్టాండు స్టాండంతా నా వైపు తిరిగి నవ్వింది.

"మరి కిట్లెందుకు వేస్ట్ చేస్తా ఉండారు? నిజంగా అవసరమైనోళ్ళకి లేకుండా పోతాయి."

సిగ్గేసింది. తల దించుకునే చెప్పేశాను. "మిమ్మల్ని చూసేదానికి."

అబిగయీలు చేతి గ్లౌజులు మెల్లిగా తీసింది. "టీ తాగుదాం రండి" అంది.

టీ కొట్టు రేకుల కింద నిలబడేసరికి వాన అందుకుంది. ఆమె జడ మీద నాలుగు చినుకులు నిలిచాయి. నేను వాటినే చూస్తున్నాను.

"రూఫస్, నేను పుట్టినప్పటి నుంచి పాజిటివ్‌ని. అమ్మా నాయనా లేరు. హాస్టల్లో పెరిగినా. రోజుకొక మాత్ర, ఒక్కరోజు కూడా మానలేదు. నా రక్తంలో వైరస్ ఇప్పుడు టెస్టుకి కూడా దొరకదు. ఇట్టా ఉన్నంత కాలం పెళ్ళి చేసుకున్నా నా భర్తకి నా నుంచి రాదు."

టీ గ్లాసు నా చేతిలో అలాగే ఉండిపోయింది. భయం వేయలేదంటే అబద్ధం. అయినా ఆమె పక్క నుంచి జరగాలని మాత్రం అనిపించలేదు.

"అయితే చేసుకుందాం" అన్నాను.

"తొందరపడొద్దు. మీ అమ్మ ఒప్పుకుంటేనే. దాచి చేసుకోను."

"అమ్మకి నేను చెప్తాలే."

"వద్దు. నా సంగతి నేనే చెప్పుకోవాల. కాస్త ధైర్యం తెచ్చుకోనీ, నేనే మీ ఇంటికొస్తా."

ఆమె ధైర్యం తెచ్చుకునే లోపల వాటర్ క్యాన్ల పెంచలయ్య తన పని తాను చేశాడు. నేను నాలుగుసార్లు ఆ వ్యాను ఎక్కడం చూసి, రూఫస్‌కి ఎయిడ్స్ అంట అని ఇంటింటికీ క్యాన్లతో పాటు కబురు కూడా దించాడు. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి నా చెవిన మాత్రం పడలేదు.

ఇంట్లో ఉన్నట్టుండి నాకు మర్యాదలు పెరిగాయి. పొద్దున్నే రాగి జావ, రెండు పూటలా కోడిగుడ్డు. అడిగితే, "గమ్మున తినరా" అనేది అమ్మ.

నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం. మా చర్చిలో ద్రాక్షరసం తాగేదానికి అందరికీ ఒకటే గిన్నె. నేను వెళ్ళి మోకరించగానే నా తర్వాత మోకరించాల్సిన వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఏమైందో నాకు అర్థం కాలేదు. అంతలో ఆడవాళ్ళ వరస వదిలి అమ్మ వచ్చి నా పక్కన మోకరించింది. నేను తాగిన గిన్నె అందుకుని తాగింది. అమ్మకి భక్తి ముదిరిందనుకున్నాను. ఎంత మొద్దుని!

తర్వాతి శనివారం వ్యాను వెనక పోస్టర్లు అంటిస్తున్నాను. టెస్టులు మాన్పించి నాకు ఆ పని అప్పజెప్పింది అబిగయీలు. ఇంతలో అమ్మ గొంతు వినిపించింది.

"టెస్టులు చేసే పిల్లవి నువ్వేనా? నేను రూఫస్ వాళ్ళమ్మని. మా వాడికి ఆ జబ్బు వచ్చిందంట కదా, నిజమేనా బిడ్డా?"

అబిగయీలు నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఎవరి రిజల్టూ కన్నతల్లికైనా చెప్పకూడదు. జబ్బు లేదని చెప్పినా రిజల్టు చెప్పినట్టే.

"నేను చెప్పకూడదు ఆంటీ. రూఫస్‌నే అడగండి."

దాంతో అమ్మకి ఉన్న కాస్త ఆశా పోయింది. "సరేలే. అందరినీ అడిగి తెలుసుకున్నా. మందు వేసుకుంటే బాగుంటారంట, పెళ్ళి కూడా చేసుకోవచ్చంట. వాడి కంచం నేను వేరు చెయ్యలా, చెయ్యను. వాడికి ఒక మంచి పిల్లని చూడమ్మా. నీ మాదిరి పిల్లయితే చాలు."

జిగురు చేతులతోనే పరిగెత్తాను. "అమ్మా, నాకేం లేదే!"

"మరి నాలుగుసార్లు ఎందుకు పోతివి?"

"ఈమెని చూసేదానికి!"

చేతిలో గొడుగుతో వీపు మీద రెండు తగిలించింది అమ్మ. "పదిహేను రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు కదరా!" అని తిడుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

అబిగయీలు నవ్వలేదు. "ఆంటీ, ఆ జబ్బు నాకుంది" అంది.

అమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఎప్పటి నించి?"

"పుట్టినప్పటి నుంచి."

"అమ్మా నాయనా?"

"లేరు."

"మందు మానవు కదా? వీడికి రాదు కదా?"

"మానను ఆంటీ. మానకుంటే రాదు."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నా కొడుక్కే వచ్చిందనుకుని ఏడ్చి ఏడ్చి ధైర్యం తెచ్చుకున్నా. వాడికేమో ఆ ధైర్యం అక్కరలేకపోయె. నీకు అక్కరయితే లేదంటానా? నా బిడ్డకి ఒక న్యాయం, తల్లి లేని బిడ్డకి ఒక న్యాయమా?"

అమ్మ వెళ్ళి టెస్టు కుర్చీలో దర్జాగా కూర్చుని వేలు చాపింది. "ముందు నాకు చెయ్యి. రేపు చర్చిలో ఎవరన్నా నోరెత్తితే, నేను చేయించుకున్నా, మీరూ చేయించుకోండి అంటా."

అబిగయీలు కళ్ళు తుడుచుకుని కొత్త గ్లౌజులు తొడుక్కుంది. ఫారం ముందు పెట్టుకుని అడిగింది. "పేరు చెప్పండి ఆంటీ."

"ఎస్తేరమ్మ. కిందనే, పెళ్ళికొడుకు వాళ్ళమ్మ అని కూడా రాసుకో."