ఏ పక్క చూసి కొలిచావు?

"ఐదు నిమిషాల్లో అయిపోతుంది, చూస్తూ ఉండమ్మా," అని లెక్కలమ్మ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆమె అసలు పేరు బడి హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. బిస్కెట్లు పంచినా, పండు కోసినా లెక్క కట్టందే ఊరుకోదు. అందుకే ఇంట్లో అందరికీ లెక్కలమ్మ అయింది.

గ్రహాల ప్రాజెక్టు కోసం టీచర్ ఒక ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేసుకోమన్నారు. దాని సైజు పన్నెండు వేలు. ఇంట్లో నెట్ స్పీడు నలభై అని మొన్న నాన్న ఫోన్లో మెసేజ్ చూసింది. పన్నెండు వేలను నలభైతో భాగిస్తే మూడు వందల సెకన్లు. అంటే సరిగ్గా ఐదు నిమిషాలు.

ఐదు నిమిషాలు గడిచాయి. తెర మీద పచ్చగీత నత్తలా పాకుతోంది. స్పీడు నలభై లేదు, ఐదు ఉంది. ఇంకా ముప్పై ఐదు నిమిషాలు పడుతుందట.

లెక్కలమ్మ మళ్లీ భాగించింది. కాగితం తిప్పి ఇంకోసారి భాగించింది. లెక్క సరిగ్గానే ఉంది. మరి స్పీడులో మిగతా ముప్పై ఐదు ఎక్కడికి పోయినట్టు? ఎవరో తినేస్తున్నారు, అంతే.

పక్క గదిలో తమ్ముడు బుడ్డోడు మంచం మీద ఉన్నాడు. సైకిల్ మీంచి పడ్డప్పటి నుంచి వాడి కాలికి కట్టు, కట్టు కింద దిండు. బడి లేదు, ఆటలు లేవు. రోజూ సాయంత్రం స్నేహితులు వీడియో కాల్ చేసి బొమ్మలు గీసే ఆట ఆడతారు. రోజు మొత్తంలో వాడు నవ్వేది అప్పుడే. ఇప్పుడు కూడా ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని కాల్ కోసం ఎదురుచూస్తున్నాడు.

"నెట్ అంతా నువ్వే తినేస్తున్నావు కదూ?"

"నేనేం తినలేదక్కా. ఇంకా ఆన్ కూడా చెయ్యలేదు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావే."

బుడ్డోడు తికమకగా చూశాడు. "నా భుజాలు బానే ఉన్నాయి. విరిగింది కాలే."

లెక్కలమ్మకు నవ్వు రాలేదు. నాన్న అప్పుడే బస్సు డ్యూటీ దిగి వచ్చి, మొహం కడుక్కుంటున్నాడు. ఆమె నేరుగా ఆయన దగ్గరికే వెళ్లింది.

"వీడు దొంగతనంగా వీడియోలు చూస్తున్నాడు నాన్నా. లెక్క వేసి మరీ చెబుతున్నా."

నాన్న బుడ్డోడిని ఒక్క మాటైనా అడగలేదు. లెక్కలమ్మ లెక్క ఎప్పుడు తప్పింది గనక? ట్యాబ్ తీసి బీరువా మీద పెట్టేశాడు. బుడ్డోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

లెక్కలమ్మ పరుగున వచ్చి తెర చూసింది. ఐదు.

అమ్మ ఫోన్లో నెట్ ఆపింది, నాన్న ఫోన్లోనూ ఆపింది. అయినా ఐదే. ఇక తినేవాళ్లెవరూ మిగల్లేదు. ఆమెకు బుర్ర గిర్రున తిరిగింది.

ముందు గదిలో అమ్మ ఎవరివో కిటికీ పరదాలు కుడుతోంది. అమ్మ టైలరు.

"అమ్మా, అన్నీ ఆపేశాను. నలభై రావాలి, ఐదే వస్తోంది. నాకేం అర్థం కావట్లేదు."

అమ్మ మిషను ఆపకుండానే అడిగింది. "ఏ పక్క చూసి కొలిచావు?"

అది అమ్మ ఎప్పుడూ అడిగే ప్రశ్నే. ఆమె మెడలో వేలాడే టేపుకి ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క సెంటీమీటర్లు.

"నెట్‌కి పక్కలేంటమ్మా?"

"నాకేం తెలుసే? రెండు కొలతలు కలవకపోతే బట్టను అనుమానించే ముందు నేను టేపు చూస్తాను."

లెక్కలమ్మ విసుక్కుంటూనే వెనక్కి వచ్చింది. ఈసారి అంకెల పక్కనున్న మాటలు కూడా చదివింది. మెసేజ్‌లో సెకనుకు నలభై మెగాబిట్లు. తెర మీద సెకనుకు ఐదు మెగాబైట్లు. ప్రోగ్రామ్ సైజు కూడా మెగాబైట్లే.

ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. పరీక్షలో రెండు మార్కులకు బట్టీ పట్టిన ముక్క అది. నలభైని ఎనిమిదితో భాగించింది. ఐదు.

ఒక్కటి కూడా ఎక్కడికీ పోలేదు. ఎవరూ ఏమీ తినలేదు.

ఒకే నెట్‌ని ఇలా రెండు రకాలుగా ఎందుకు కొలుస్తారో ఆమెకు ఎంత ఆలోచించినా తెలియలేదు. కానీ తాను ఏం చేసిందో తెలిసింది. నాన్నకు చెప్పి, ట్యాబ్ దింపించి, బుడ్డోడి దగ్గరికి పరుగెత్తింది.

"తీసుకోరా. నేనే తప్పు లెక్క వేశాను."

"వాళ్ల ఆట అయిపోయుంటుందక్కా." వాడి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ట్యాబ్ వంక చూస్తూ అడిగాడు. "అయితే నేను దొంగని కాదా?"

వాడు నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు. లెక్కలమ్మకు ఏడుపొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆమే ట్యాబ్ తెచ్చి, తమ్ముడి వీపు వెనక దిండు సర్దింది. తెర మీద నాలుగు మొహాలు ప్రత్యక్షమయ్యాయి.

"నిన్న ఎందుకు రాలేదురా? ఎంతసేపు చేశామో తెలుసా?" అని కళ్లజోడు పిల్లాడు అడిగాడు.

బుడ్డోడు అక్కవైపు ఓసారి చూశాడు. "నిద్ర పట్టేసింది," అన్నాడు.

లెక్కలమ్మ ఊరుకుంటే సరిపోయేది. ఆ మాట అక్కడితో ముగిసిపోయేది. ఆమె మంచం మీద కూర్చుని తెరలోకి మొహం పెట్టింది.

"వాడు నిద్రపోలేదు. నేనే లెక్క తప్పి వాడిని దొంగ అన్నాను. ట్యాబ్ తీయించేశాను."

కళ్లజోడు పిల్లాడు తెరకు దగ్గరగా జరిగి, "ఏం లెక్క అక్కా?" అన్నాడు.

"అమ్మా, నీ టేపు ఒకసారి ఇస్తావా?" అని లెక్కలమ్మ కేకేసింది.

టేపు వచ్చింది. రెండు పక్కలూ కనిపించేలా దాన్ని తెర ముందు చాపుతుంటే ఒక కొస కింద పడింది. బుడ్డోడు వంగి, ఆ కొస అందుకుని గట్టిగా పట్టుకున్నాడు.