హావర్‌క్యాంప్ కార్డు వెనక రాత

ఎనభై ఎనిమిదో సంవత్సరం మాట. అమెరికాలోని టొలీడోలో నెల నెలా మొదటి శనివారం చర్చి హాల్లో, ఆటగాళ్ళ ఫొటోలుండే పాత బేస్‌బాల్ కార్డుల సంత జరిగేది. కొరీన్ వచ్చి నా బల్ల ముందు నిలబడిందంటే ఆ రోజు నాకు బేరం లేనట్టే. నా కార్డుల్లో లోపాలన్నీ కొనేవాళ్ళకు ఉచితంగా చూపించి పంపేసేది. ఏడాదిగా ఆ శనివారం కోసమే ఎదురుచూస్తున్నానని చెప్పే ధైర్యం మాత్రం నాకు లేదు.

"ఏంటి లోవెల్, చేతులకి గ్లవ్స్! ఆపరేషన్ ఎవరికి?"

"ముట్టుకోకు. 1951 నాటి హావర్‌క్యాంప్ కార్డు. అంచు చూడు, నిన్న కోసినట్టు లేదూ?"

"కోసింది నువ్వు కాదు కదా?" ఫొటో చూసి నవ్వింది. "ఎడమచేతి మహానుభావుడు! ఆయన విసిరిన బంతి ఊరంతా తిరిగొచ్చేదట."

"ఆ ఏడు పద్దెనిమిది ఆటలు ఓడిపోయాడు. అయినా టోపీ ఎంత సోకుగా పెట్టుకున్నాడో!"

"మా నాన్నకి దేవుడు. ఆయన్ని సొంత జట్టువాళ్ళే డెట్రాయిట్ జట్టుకి ఇచ్చేస్తే నాన్న ఏడ్చి, కార్డు వెనక పెన్సిల్‌తో రాశాడట, 'డెట్రాయిట్. ద్రోహి.' నాన్న పోయాక అమ్మ ఆయన కార్డులన్నీ పెట్టెతో సహా అమ్మేసింది. ఆ కార్డు కోసమే రెండేళ్ళుగా సంతలన్నీ తిరుగుతున్నా. ఎవరికీ చెప్పకు, ధర పెంచేస్తారు."

మంచి ధర పలకాలని ఆ రాతను రెండు వారాల కిందట రబ్బరుతో గంటసేపు చెరిపింది నేనే. నా నేర్పుకు నేనే మురిసిపోయి రెండో కాఫీ కూడా తాగాను. చెరిపిన సంగతి దాచి అమ్మడం మా వ్యాపారంలో దొంగతనంతో సమానం. నోరు మూసుకుంటే కొరీన్ నెల నెలా వస్తుంది. చెబితే ఇక రాదు.

"కొరీన్, అది ఇదే. నేనే చెరిపేశాను."

ఆమె కార్డు లాక్కుని దీపం కింద ఏటవాలుగా పట్టింది. నొక్కి రాసిన అచ్చు ఇంకా మిగిలే ఉంది. 'ద్రోహి' మీద వేలు పెట్టి ఏడ్చేసింది.

"ఎందుకు చెప్పావ్? నాకు తెలిసేదే కాదుగా!"

"నువ్వు ఊరూరా వెతుకుతుంటే చూస్తూ కూర్చోలేను. నువ్వంటే నాకిష్టం. ఇక నా మొహం చూడకపోయినా సరే, డబ్బులొద్దు, తీసుకుపో."

"అబ్బో, మహా త్యాగం!" కళ్ళు తుడుచుకుంది. "రేపు మా ఇంటికి భోజనానికి రా. చెరిపింది నువ్వేనని అమ్మకి నీ నోటితోనే చెప్పు."

"గెంటేస్తుందేమో?"

"గెంటడమా! ఆ పెట్టె అమ్మినందుకు రెండేళ్ళుగా నా తిట్లన్నీ అమ్మ ఒక్కతే తింటోంది. పంచుకోడానికి ఇంకొకడు దొరికాడంటే మాంసంలో పెద్ద ముక్క నీకే వేస్తుంది."