ముందు సీట్లో ఎర్ర ఫైల్

"అన్నా... వెనకాల నల్ల స్కార్పియో!"

ఎమ్మెల్యే శ్రీపాల్ చటుక్కున తల తిప్పుతాడు.

నంబర్ ప్లేట్ లేదు. హెడ్‌లైట్లు కొడుతోంది... ఆపమన్నట్టు!

"ఎవరు రా వాళ్లు?"

"ఇంకెవరు? నీకు టికెట్ వచ్చిందని కడుపు మండినోళ్లు."

డ్రైవర్ సిద్దయ్య గేరు మారుస్తాడు. తుర్కయాంజాల్ దాటింది కారు. సాగర్ రోడ్డు మీద నూటపది!

టైమ్ రెండు ఇరవై.

ఇవాళే ఆఖరు రోజు. మూడింటికి ఇబ్రహీంపట్నంలో ఎన్నికల ఆఫీసు గేటు మూసేస్తారు. మంచిరోజని నామినేషన్ మొన్ననే వేశాడు శ్రీపాల్. పార్టీ టికెట్ తనదేనని చూపే బి-ఫారం మాత్రం ఈ పొద్దున చేతికొచ్చింది. మూడులోపు అది ఇవ్వకపోతే... నామినేషన్ చెత్తబుట్టలోకే!

మూడుసార్లు ఎమ్మెల్యే. మూడు కండువాలు. ఈసారి గెలిస్తే మంత్రి.

"ఫైల్ ఏది?"

"గిదో, ముందు సీట్ల. దేవుని ముందట పెట్టి పూజ చేసిన్రు గద... నేనే పట్టుకొచ్చిన."

ఎర్ర ఫైల్. శ్రీపాల్ ఊపిరి తీసుకుంటాడు. ఫోన్ తీస్తాడు.

"బంద్ పెట్టు అన్న! లొకేషన్ పట్టుకుంటరు. గన్‌మెన్లేమో ర్యాలీతోని ముందే పాయె."

హారన్... ఆగని హారన్!

"బస్సు డిపో కాడ ఇంకో బండి పెట్టి ఉంటరు. ఇటు పోదాం."

స్టీరింగ్ గిర్రున తిరుగుతుంది. మట్టిరోడ్డు. ప్లాట్ల వెంచర్. తెల్ల రాళ్లు, తుమ్మ చెట్లు. మనిషి జాడ లేదు.

స్కార్పియో కనిపించదు.

ఎదురుగా గోడ! వెనక్కి. ఇంకో దారి... అదీ గోడే!

"తోవ తెల్వదా రా నీకు?"

"ఫికర్ చెయ్యకు అన్న. పన్నెండేండ్లాయె. ఎన్నడన్న లేట్ చేసిన్నా?"

రెండు నలభై ఎనిమిది. శ్రీపాల్ మెడ మీద చెమట.

"నిరుడు గూడ గిట్లనే గడియారం సూసిన," అంటాడు సిద్దయ్య, అద్దంలోకి చూస్తూ. "దవాఖాన బయట నేను. లోపల సుశీల."

"ఏ సుశీల?"

సిద్దయ్య యాక్సిలరేటర్ తొక్కుతాడు.

చెరువు కట్ట. బజారు. గేటు! రెండు యాభై ఏడు!

ఫైల్ లాక్కుని పరిగెత్తుతాడు శ్రీపాల్. జిందాబాద్‌లు. మెట్లు. అధికారి బల్ల. ఒక్క నిమిషం ఉంది!

ఫైల్ తెరుస్తాడు.

బి-ఫారం లేదు.

దవాఖాన కాగితాలు! ఆపరేషన్‌కు సర్కారు సాయం కోరే దరఖాస్తు. పేరు, సుశీల. భర్త పేరు, సిద్దయ్య. కింద ఎమ్మెల్యే సంతకం చేయాల్సిన చోటు... ఖాళీ.

బయట బ్రేకుల కీచు. గేటు పడిన చప్పుడు. మూడు!

శ్రీపాల్ బయటికి ఉరుకుతాడు. గేటు అవతల నల్ల స్కార్పియో. దిగింది అతని బామ్మర్ది మహేశ్వర్! చేతిలో పసుపు అంటిన బి-ఫారం.

"బావా! దేవుని అర్రలనే ఉండె! ఎంత హారన్ కొట్టినా ఆపవేంది? ఫోన్ బంద్! మన కొత్త బండే గద... నిన్న సిద్దయ్యనే షోరూంల కెల్లి తెచ్చిండు!"

"గేటు తియ్!" అరుస్తాడు శ్రీపాల్.

పోలీసు అడ్డంగా తల ఊపుతాడు. "టైమ్ అయిపోయింది సార్."

మహేశ్వర్ పక్కన సిద్దయ్య. తాపీగా.

"మూడు దినాలు గా ఫైల్ గదే సీట్ల పెట్టుకొని నిన్ను తిప్పిన అన్న. సంతకం పెట్టమంటే రోజూ ఒక్కటే మాట అన్నవ్. నాలుగో దినం ఆమె లేదు."

ఊచల్లోంచి కారు తాళాలు శ్రీపాల్ కాళ్ల దగ్గర పడతాయి.

"గా మాటనే నేను గూడ అంటున్న... రేపు రా!"