దానమ్మ మలుపులో వోల్టు మీటరు

కంభం చెరువులో దానమ్మ మలుపు పేరెత్తితే ఎంత మొనగాడికైనా గొంతు తగ్గుతుంది. ఎప్పుడో గొర్రెపిల్లను కాపాడబోయి అక్కడ మునిగిపోయిన దానమ్మ, పొద్దు గుంకాక వచ్చే పడవలను పట్టి ఆపుతుందట. ముందు లైట్లు మసకబారతాయట. పాట బొంగురుపోతుందట. ఆ తర్వాత పడవ అడుగున ఆమె చేతికర్ర చప్పుడు… టక్… టక్… టక్…

అంతే. ఇక ఇంజను లేవదు.

అందుకే మలుపు రాగానే మర్యాదకు ఇంజను ఆపి, లైట్లన్నీ వేసి, దేవుడి పాట పెట్టి, నిమ్మకాయ కోసి నీళ్ళలో వెయ్యడం అక్కడి ఆనవాయితీ. పడవ నడిపే బ్రహ్మం ఒక్కరోజు కూడా తప్పలేదు. అయినా అతని పడవ ఆగిపోతూనే ఉండేది. ప్రతిసారీ చేపలవాళ్ళు వచ్చి, తిట్టుకుంటూ తాడు కట్టి లాక్కెళ్ళేవాళ్ళు. చివరికి వాళ్ళ పెద్ద తేల్చి చెప్పేశాడు.

"ఇంకొక్క మాటు లాక్కొచ్చే పని పెట్టినావంటే పడవను గట్టుకెక్కిచ్చి బోర్లేస్తాం. మళ్ళ నీళ్ళల్లో దించనియ్యం."

ఆ పడవ తప్ప బ్రహ్మానికి వేరే బతుకు లేదు. పరుగున పోయి తాయెత్తులు కట్టే మస్తానయ్యను పిలుచుకొచ్చాడు. ఆయన పడవంతా కలియతిరిగి, స్టీరింగు పక్కన ఎర్రటి అంకెలు మెరుస్తున్న మీటరు దగ్గర ఆగాడు.

"ఇదేంది?"

"బ్యాటరీది, మామా. ఇంజనుతో పాటే వచ్చింది. నాకూ సరిగ్గా తెల్దు."

"నాకు తెల్సులే. పన్నెండు పైన ఉంటే దానమ్మ దూరంగా ఉన్నట్టు. పదికి దిగితే…" గొంతు తగ్గించాడు. "పడవ ఎక్కినట్టు."

మహానుభావుడు! బ్యాటరీని కొలిచే మీటరు చిటికెలో దెయ్యాన్ని కొలిచేదైపోయింది. దానికొక తాయెత్తు కట్టి, విరుగుడూ అక్కడికక్కడే చెప్పేశాడు. పాత స్పీకరు చాలదు, పెద్దది కావాలి. సీరియల్ లైట్లు కావాలి. అంకె తగ్గే కొద్దీ పాట పెంచాలి.

అవన్నీ బిగించాక ఆ సాయంత్రమే పడవ కదిలింది. దెయ్యాన్ని చూద్దామని మార్కాపురం నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు, అవతలి గట్టున ఊరికి పోవాల్సిన ముసలామె బాషాబీ, దెయ్యాన్ని తోలడానికి మస్తానయ్య. మలుపు వచ్చేసరికి చీకటి పడింది. బ్రహ్మం ఇంజను ఆపాడు. నిమ్మకాయ కోశాడు. పాట పెడితే ఎదుటి గుట్ట దద్దరిల్లింది. కుర్రాళ్ళు ఫోన్లు కూడా పడవకే ఛార్జింగు పెట్టి వీడియోలు తీస్తున్నారు.

పన్నెండు… పదకొండున్నర… పదకొండు…

"వస్తా ఉంది," అన్నాడు మస్తానయ్య గుసగుసగా. "పాట పెంచు."

పెంచాడు. అంకె ఇంకా వేగంగా పడింది.

"మొండిది రా ఇది… ఆ సీరియల్ లైట్లు గూడా ఎయ్యి!"

పది.

లైట్లు మసకబారాయి. పాట బొంగురుపోయింది. బ్రహ్మం ఇంజను లేపడానికి సెల్ఫ్ కొట్టాడు.

టక్… టక్… టక్…

ఒక కుర్రాడు కెవ్వుమన్నాడు. దెయ్యాన్ని తోలడానికి వచ్చిన మస్తానయ్య అప్పటికే సీటు కింద ఉన్నాడు. బ్రహ్మానికి మాత్రం దానమ్మ కనపడలేదు, గట్టు మీద బోర్లించిన తన పడవే కనపడింది. ఏడుపొచ్చేసింది.

అప్పుడు లేచింది బాషాబీ.

"ఏం గోల నాయనా ఇది! చెవులు పగిలిపోతా ఉండాయి. సచ్చేదైతే నిమ్మళంగానన్నా సస్తాం!"

స్పీకరుకూ లైట్లకూ ఫోన్లకూ పోయే వైర్లన్నీ కలిపి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

చీకటి… నిశ్శబ్దం… మీటరు ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది.

పదిన్నర… పదకొండు… పదకొండున్నర…

"పోతా ఉంది," అంది సీటు కింది నుంచి ఒక గొంతు. "నా తాయెత్తు మహిమ."

బ్రహ్మం వినలేదు. ముసలామె చేతిలోని వైర్లను చూశాడు, అంకెను చూశాడు. కాసేపు ఆగి సెల్ఫ్ కొట్టాడు.

ఇంజను బుర్రుమంది!

ఇన్నాళ్ళూ పడవను ఆపింది దానమ్మ కాదు, ఆమెకు చేసిన మర్యాద. బ్యాటరీని నింపే ఇంజనును ఆపేసి, ఉన్న కాస్త కరెంటునూ పాటలకూ దీపాలకూ తగలేస్తే సెల్ఫ్‌కు మిగిలేది ఆ టక్ టక్ చప్పుడే. సిగ్గుతో, సంతోషంతో బ్రహ్మం గట్టు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడే పాటలకూ లైట్లకూ వేరే బ్యాటరీ పెట్టించాడు. ఇంజను బ్యాటరీ జోలికి ఎవరినీ పోనివ్వలేదు. పడవ మళ్ళీ ఆగలేదు. ఆ సంగతి కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

పడవ ఎక్కేవాళ్ళే లేకుండా పోయారు.

ఆదివారం గిద్దలూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. "దెయ్యం మలుపుకు పోయే పడవ ఇదేనా, అన్నా?" అని అడిగింది వాళ్ళలో పెద్దామె.

"దెయ్యం లేదు గియ్యం లేదమ్మా. బ్యాటరీ దిగిపోయేది, అంతే."

"ఇంకేముంది చూసేదానికి? పదండి." అందరూ వెనక్కి తిరిగారు.

బ్రహ్మం ఖాళీ పడవ వంక చూశాడు. అటూ ఇటూ చూసి, వాళ్ళ వెనకే వెళ్ళి గొంతు తగ్గించాడు.

"అమ్మా… ఆ రాత్రి ఒక ముసలామె వైర్లు గుంజేసినాకే ఇంజను లేచింది. ఆమె చేత గుంజిచ్చింది ఎవరనుకున్నారు?"

అందరూ తిరిగొచ్చి పడవెక్కారు.