రాణిగారి కుక్కకు దిష్టిచుక్క

“చెవి అతికించమని ఇచ్చా. మొహం ఎవరు కడగమన్నారు?”

వినుకొండ బస్టాండు ఎదురుగా ఉన్న రిపేరు షాపులో వంశీ తలెత్తాడు. కౌంటరు మీద పింగాణీ కుక్క, దాని వెనక మల్లీశ్వరి.

“బుగ్గ మీద మురికుంటే తుడిచానండీ.”

“మురికి కాదు, దిష్టిచుక్క. మా నాయనమ్మ ప్రతి అమావాస్యకీ పెడుద్ది.”

“కుక్క బొమ్మకా?”

“రాణిగారి కుక్క మరి!”

ఒక ఇంగ్లండు రాణి ముద్దుగా పెంచుకున్న కుక్కను చూసి చేసిన బొమ్మ అని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. దొర బంగళా సామాను వేలంలో ముత్తాత కొన్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ముందు దాన్నే చూపిస్తారు.

మల్లీశ్వరి శావల్యాపురంలో టీచరు. బస్సులో నిలబడి వచ్చింది. స్టూలు మీద కూలబడింది.

“ఆదివారం మళ్లీ ఎవరో వస్తన్నారు. అదే చీర, అవే ప్రశ్నలు. వద్దని చెప్పే ఓపిక కూడా లేదు. ఈసారి సరేననేస్తా.”

వంశీ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఆమె మిక్సీ, ఫ్యాను, గోడ గడియారం అతనే బాగుచేశాడు. నిజానికి గడియారం చెడిపోలేదు. బ్యాటరీ తిరగేసి ఉంది.

“ఆ బ్యాటరీ మీరే తిప్పారా?”

“ఇన్నాళ్లకి అడిగావా?”

“అడిగితే మళ్లీ రారేమోనని.”

ఆమె కుక్క చెవి తడిమి చూసింది.

“చెవి కూడా మీరే...”

“అయ్యో, అది పిల్లి పని!”

వంశీ షట్టరు దించాడు. “పదండి. చుక్క చెరిపింది నేనేనని మీ నాయనమ్మకి చెప్తా. మిగతాది కూడా చెప్తా.”

తుంపర పడుతోంది. ఉన్న ఒక్క గొడుగూ కుక్కకు పట్టారు.

ఆ ఇంట్లో మాట నాయనమ్మ సుబ్బరత్నానిదే. ఆమె కుక్క మొహం చూసింది, తడిసిన ఇద్దరినీ చూసింది.

“చుక్క ఏదిరా?”

“నేనే చెరిపా, మామ్మగారూ. మల్లీశ్వరిని నాకిమ్మని అడగడానికి వచ్చా.”

“ఎవరబ్బాయివి?”

చెప్పాడు. సుబ్బరత్నం మనవరాలి వైపు తిరిగింది.

“నీకిష్టమేనటే?”

“ఇష్టమే, నాయనమ్మా.”

“ఏమే, ఈ ముక్క ముందే చెప్తే ఇన్ని కాఫీలు కలిపేదాన్నా? ఆదివారం వాళ్లని రావద్దని ఫోన్ చెయ్యి.”

కాటుక బరిణె తెచ్చి కుక్క బుగ్గన చుక్క పెట్టింది. వేలికి ఇంకా కాటుక ఉంది. పెళ్లికొడుక్కి పెట్టే చోటే, వంశీ బుగ్గన అద్దింది.

“ఇది మాత్రం కడగమాకు.”