చోల్పోన్‌కి చెప్పని వార్త

గురువారం మధ్యాహ్నం రెండూ పదికి బిష్కెక్‌లోని నదీజలాల పంపిణీ కార్యాలయం మూడో అంతస్తుకు ఒక మరణవార్త వచ్చింది. గదిలో ఉన్న ఎనిమిది కంప్యూటర్లలో ఏడింటి మీద అది కనిపించింది. ఎనిమిదోది చోల్పోన్‌ది. పోయింది ఆమె తండ్రి.

ఏడింటిలో ఒకటి ఎసెన్ ముందుంది. అతను ఆ గదికి వచ్చి రెండు వారాలైంది. చేతిలోని కాగితాల ప్రకారం అతను ఇంటర్నెట్ వాడకం ఇన్‌స్పెక్టర్. ఆఫీసు కంప్యూటర్ మీద ఎవరు సొంత పనులు చేసుకుంటున్నారో రాసుకోవడం ఉద్యోగం. నిజానికి అతను రాజ్య భద్రతా సంస్థ ఏజెంట్. ఎడమ చెవిలో చెవిటి మిషన్ ఉండేది. అందులోంచి కల్నల్ అసనాలి గొంతు వినిపించేది, ఇతని మాట ఆయనకు చేరేది. ఆ అంతస్తులోకి ఫోన్లు రానివ్వరు, కింద గార్డు దగ్గర ఇచ్చి రావాలి. చెవిటి మిషన్ గురించి ఎవరూ అడగలేదు. పని విషయాలు అతనితో అరిచి చెప్పేవాళ్లు. మిగతావన్నీ అతని ముందే మామూలుగా మాట్లాడుకునేవాళ్లు.

బయటికి పోతున్నది ఒక అంకె. చలికాలంలో పొరుగు దేశాలకు వదిలే నీళ్లలో మనం ఎక్కడిదాకా దిగొస్తామన్న అంకె. సోమవారం చర్చలు. కిందటిసారి చర్చల్లో అవతలివాళ్లు కూర్చోకముందే మన అంకె వాళ్లకు తెలుసు. దాన్ని కొని అమ్మే విదేశీ ముఠాకి సంస్థ ఫైళ్లలో 'నక్క' అని పేరు. నక్కకి ఈ గదిలోంచే దారి ఉందని కల్నల్ అనుమానం.

రెండు వారాల్లో ఎసెన్‌కి తెలిసినవి ఇవి. సీనియర్ ఇంజనీర్ రాయింబెర్ది పని వేళల్లో కోక్-బోరు గుర్రాల ఆటలు చూస్తాడు. గుమాస్తా సైకాల్ తేనె అమ్ముతుంది, రోజూ మధ్యాహ్నం తేనె వీడియోలు నెట్‌లోకి ఎక్కిస్తుంది. ఇద్దరు టర్కీ సీరియల్ చూస్తారు. "వీళ్లలో గూఢచారి ఉంటే, వాడు తేనె కూడా అమ్ముతున్నాడు సార్," అన్నాడు కల్నల్‌తో.

"నవ్వింది చాలు. జిబెక్ ఏమంటోంది?"

జిబెక్ ఆ కార్యాలయం ప్రచార సలహాదారు. ఆమె నడిచొస్తే రాయింబెర్ది ఆటని ఆపేసేవాడు. ఆమె సంస్థకి సమాచారం ఇచ్చే మనిషి కూడా. మొదటి రోజే మెట్ల దగ్గర ఎసెన్‌తో అంది: "చోల్పోన్‌ని చూడు. ఏ సైటూ తెరవదు. ఏ లింకూ నొక్కదు. అలాంటి మనుషులుంటారా?"

అప్పట్నుంచి ఎసెన్ చోల్పోన్ వెనకే ఉన్నాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడం వల్ల అనుమానం పెరిగింది.

వార్త ఆఫీసు చాట్‌లో పెట్టిన కొత్త గ్రూపులో వచ్చింది. గ్రూపులో చోల్పోన్ తప్ప అందరూ ఉన్నారు. పంపింది సెలవులో ఉన్న ఉపసంచాలకుడు. "మన చోల్పోన్ తండ్రి ఆతాబాయ్ గారు ఈ ఉదయం పోయారు. ఆమెకి తెలియనివ్వకండి. నాలుగింటికి ఊరి పెద్దలు వచ్చి చెప్తారు. మనం వెళ్లాల్సిన దారి ఈ లింకులో ఉంది."

అలాంటి వార్త సొంత మనిషికి ఎవరూ నోటికొచ్చినట్టు చెప్పరు. పెద్దలు వస్తారు, కూర్చుంటారు, మెల్లగా చెప్తారు. అందాకా లోకమంతటికీ తెలిసినా ఆ మనిషికి తెలియకూడదు.

రాయింబెర్ది సొరుగులోంచి టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. చావు మాట వింటే మగవాళ్లు తల కప్పుకోవాలి. సైకాల్ ముఖం పక్కకి తిప్పుకుంది. బయటి లింకులు తెరవబోమని ఉద్యోగంలో చేరినప్పుడు అందరూ సంతకం చేసినవాళ్లే. అయినా అందరూ తెరిచారు. ఎసెన్ వేలు కూడా మౌస్ మీదికి వెళ్లింది. అప్పుడే అతని రెండో స్క్రీన్ మీద గీత లేచింది. కార్యాలయం సర్వర్‌లోంచి ఏదో బయటికి పోతోంది.

అతను కిటికీ వైపు తిరిగాడు. "చాయ్ పొంగుతోంది," అన్నాడు మెల్లగా. అది కోడ్.

"తేనా, నక్కా?" చెవిలో కల్నల్.

"తెలీదు సార్."

సైకాల్ దగ్గరికి వెళ్లాడు. "వీడియో ఎక్కిస్తున్నావా?"

"ఇప్పుడా అడిగేది?" ఆమె కళ్లు తుడుచుకుంది. "అవును. ఇందాకే పెట్టాను. రాసుకో పో!"

"ఇంటర్నెట్ తీగ పీకేయనా సార్?" కిటికీ దగ్గరికి తిరిగొచ్చి గొణిగాడు.

"కాలువల గేట్లు నడిచేది కూడా ఆ లైన్ మీదే. పీకితే పొలాలకి నీళ్లు ఆగుతాయి. ఆధారం ఉంటే పీకు. అనుమానానికి పీకకు."

ఆధారం ఒక్కటే. ఆ ముసలాయన బతికున్నాడా, పోయాడా? బతికుంటే ఆ వార్త ఎర, ఆ లింకు నక్కది. బయటికి ఫోన్ చేయడానికి గదిలో ఒకటే టెలిఫోన్ ఉంది. అది చోల్పోన్ బల్ల మీద ఉంది.

జిబెక్ వచ్చి అతని పక్కన నిలబడింది. "ఆమె దగ్గరికి వెళ్లకు," అంది. "మనుషులు చూస్తున్నారు."

"ఈ వార్త నిజమేనా?"

"చావు మీద అబద్ధం ఎవరాడతారు?"

"నేనూ అదే అనుకుంటున్నా."

"వాళ్ల నాన్న నిజంగా పోయుంటే? ఆ మాట నీ నోట విందనుకో. ఈ ఊళ్లో నీ పక్కన కూర్చుని ఎవడూ తిండి తినడు."

అది నిజం. ఎసెన్‌కీ తెలుసు. స్క్రీన్ మీద గీత ఇంకా పైకి పోతోంది. అతను చోల్పోన్ బల్ల దగ్గరికి నడిచాడు.

"అక్కా, మీ నాన్నగారికి ఒకసారి ఫోన్ చేయండి."

రాయింబెర్ది లేచాడు. "ఏయ్! నోరు ముయ్యి!"

"ఎందుకు?" అంది చోల్పోన్.

"చేయండక్కా."

"చెవులు లేవు సరే, బుద్ధి కూడా లేదా నీకు?" రాయింబెర్ది అతని చొక్కా పట్టుకున్నాడు. "అమ్మా, వీడి మాట వినకు. వీడికి పిచ్చి."

చోల్పోన్ రాయింబెర్ది తల మీద టోపీ చూసింది. సైకాల్ కళ్లు చూసింది. ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఎవరూ తల ఎత్తలేదు.

"ఎవరు పోయారు?" అంది.

ఆమె రిసీవర్ తీసింది. నంబర్ తప్పు నొక్కి, మళ్లీ నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆమె రిసీవర్ పెట్టేసి రెండు చేతులూ బల్ల మీద ఆనించింది.

రాయింబెర్ది ఎసెన్ చొక్కా వదిలేశాడు. "చూశావా ఏం చేశావో?" అన్నాడు. అరవలేదు. సైకాల్ బయటికే ఏడ్చింది.

"ఎసెన్," అన్నాడు కల్నల్ చెవిలో. "చెప్పు."

ఎసెన్ తన స్క్రీన్ వైపు చూశాడు. ఫైలు ఎంత పోయిందో చూపే గడి నిండడానికి వేలెడంత మిగిలింది.

టెలిఫోన్ మోగింది. చోల్పోన్ ముట్టుకోలేదు. ఎసెన్ ఎత్తి స్పీకర్ నొక్కాడు.

"ఎవరయ్యా మిస్డ్ కాల్ ఇచ్చింది?" అరిచాడు ముసలాయన. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. "గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నా, చెయ్యి ఖాళీ లేదు. ఎవరు?"

"నాన్నా..."

"ఏంటే? మళ్లీ జీతం పడలేదా?"

చోల్పోన్ నవ్విందో ఏడ్చిందో అప్పటికి ఎసెన్ అక్కడ లేడు. సర్వర్ గదిలో నీలం తీగని రెండు చేతులతో పట్టి లాగాడు. గోడలోని సాకెట్ కూడా ఊడి వచ్చింది. గీత పడిపోయింది. గడి నిండలేదు.

తిరిగొచ్చేసరికి రాయింబెర్ది టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఉపసంచాలకుడి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?"

"జిబెక్ దగ్గర. ఆయన ఇస్సిక్-కుల్ సరస్సులో ఈత కొడుతుంటే ఫోటోలు నెట్‌లో పెట్టేది ఆవిడే కదా."

జిబెక్ గదిలో లేదు.

ఆమెను కింద గార్డు దగ్గర పట్టుకున్నారు. ఫోన్ తీసుకుని వెళ్లిపోతుంటే కల్నల్ మనుషులు తలుపు మూశారు. ఆమె సంచిలో ఇంకో ఫోన్ దొరికింది. ఎసెన్ మెట్లు దిగేసరికి ఆమె కోటు బొత్తాలు పెట్టుకుంటోంది.

"ముసలాయన తిరిగి చేయకపోతే?" అంది.

"నువ్వు గెలిచేదానివి."

"నువ్వు చోల్పోన్‌నే పట్టుకుంటావనుకున్నా. రెండు వారాలు వెంటపడ్డావు కదా."



లైన్ సాయంత్రానికి బాగుపడింది. కాలువల్లో నీళ్లు మళ్లీ కదిలాయి. జిబెక్ ఫోన్‌లోని నంబర్ల వల్ల ఆ రాత్రికి నక్క మనుషులు ముగ్గురు రైల్వే స్టేషన్‌లో దొరికారు. సోమవారం చర్చల్లో మన అంకె ఎంతని అవతలివాళ్లు మొదటిసారి అడగాల్సి వచ్చింది.

దానికి ముందు, శుక్రవారం మధ్యాహ్నం, ఆతాబాయ్ కార్యాలయానికి వచ్చాడు. చావు తప్పిందని ఒక పొట్టేలును కోసి, ఉడికించి, రెండు గిన్నెల్లో తెచ్చాడు. మూడో అంతస్తులో బల్లలు కలిపి గుడ్డ పరిచారు. ఆయన కత్తి తీసుకుని నిలబడ్డాడు.

"నేను పోయానంటే ఏడ్చినవాళ్లు చేతులెత్తండి."

సైకాల్ ఎత్తింది. టర్కీ సీరియల్ చూసే ఇద్దరూ ఎత్తారు. రాయింబెర్ది కాసేపు ఆలోచించి ఎత్తాడు. మంచి ముక్కలు వాళ్లకి వెళ్లాయి.

"నువ్వు?" అన్నాడు ఆతాబాయ్ ఎసెన్‌తో, గట్టిగా, చెవిటి మిషన్ చూసి.

"ఏడవలేదు తాతా."

ఎసెన్‌కి కండ లేని మెడ ఎముక వచ్చింది.