రాజవ్వ ఒంటరి మొక్కు

పొయ్యి మీద ఉప్మా అడుగంటుతోంది. రజిత కళ్లు మాత్రం గిన్నె పక్కన నిలబెట్టిన ఫోన్‌ మీదే ఉన్నాయి.

"ఇయ్యాల మనకు మాడు ఉప్మానే రాసిపెట్టి ఉన్నది" అన్నాడు భర్త శ్యాంసుందర్‌, మంట తగ్గిస్తూ. "అత్తమ్మ ఏడిదాక పోయింది?"

"కొండగట్టు దాటింది. గంటసేపటి సంది చుక్క కదుల్తలేదు. ఫోన్‌ గూడ ఎత్తుతలేదు."

ఫోన్‌లోని ఆ నీలం చుక్కే రజిత తల్లి రాజవ్వ. సిరిసిల్లలో బీడీలు చేసుకునే యాభై ఆరేళ్ల మనిషి. ధర్మపురి నర్సింహస్వామికి మొక్కు ఉందంటూ మూడు రోజుల కిందట ఒంటరిగా కాలినడకన బయలుదేరింది. కోరుట్ల నుంచి రజిత ఎంత మొత్తుకున్నా వినలేదు. తోడు వస్తానంటే వద్దంది. రోడ్డు మీద ఎలాంటివాళ్లుంటారో తెలుసా అంటే, తెలుసంది. ఏం మొక్కమ్మా అంటే, తీరకముందు చెప్పగూడదంది. చివరికి ఫోన్‌లో లొకేషన్‌ పెట్టడానికి ఒప్పుకోవడమే గొప్ప.

శ్యాంసుందర్‌ బండి తీశాడు. జగిత్యాల దాటి కొండగట్టు దారి పట్టేదాకా రజితకు రాకూడని ఆలోచనలన్నీ వచ్చాయి. కనబడ్డ ప్రతి కాలువలోకీ తొంగి చూసింది.

చుక్క ఆగిన చోట ఒక పెంకుటిల్లు. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్ల నడుమ, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినట్టు, తునికాకు కత్తిరిస్తూ రాజవ్వ!

రజిత ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది.

"అమ్మా! మా పానాలు పోతున్నయ్‌, నువ్వు బీడీలు చేస్కుంట కూసున్నవా? ఫోన్‌ ఏది?"

"సంచిల ఉన్నది బిడ్డా. ఒర్రకు, ఊరోళ్లు చూస్తున్నరు."

"ఊకెనే కూసోలే తల్లీ" అంది ఆ ఇంటి మొగిలవ్వ. "బండి మీద ఎవడో ఎంటవడ్డడట. ఎక్కు, దింపుత అనుకుంట ముందటికి పోవుడు, ఎన్కకు అచ్చుడు. మా చాటలు చూసి మీ అమ్మ సక్కగ అచ్చి పక్కన కూసున్నది. నేనో చాట ఒళ్లె పెట్టిన. వాడచ్చి, గీమె ఎవలని అడిగిండు. మా ఆడిబిడ్డ, నీకేం పని అన్న. తోక ముడిసిండు."

రజిత అరుగు అంచున కూలబడింది. మొగిలవ్వ గుర్తుపెట్టుకున్న బండి నంబరును శ్యాంసుందర్‌ పోలీసులకు ఫోన్‌ చేసి చెప్పాడు.

"మొక్కు లేదు గిక్కు లేదు. బండెక్కు, ఇంటికి పోదాం. లేకుంటే నేనన్న నీతోటి నడుస్త" అంది రజిత.

"నువ్వు తోడస్తే మొక్కు తీరది."

"గంత ఏం మొక్కు? ఎవలి కోసం?"

రాజవ్వ కత్తెర పక్కన పెట్టింది.

"చెప్పగూడదు గని, నీ కోసమే. నర్సింగు చదువుకు నిన్ను పట్నం బస్సెక్కిచ్చిన దినం యాదికున్నదా? మీ నాయిన లేకపాయె, ఎంట పంప ఎవలు లేకపాయిరి. అందరు వద్దన్నరు. నా బిడ్డ ఒక్కతే పోయి సల్లగ తిరిగి రావాలె స్వామీ, నేను గూడ నీ గుడికి ఒక్కదాన్నే నడిచస్త అని మొక్కిన. బీడీల పనిల పడి తీర్చక పన్నెండేండ్లాయె."

ఆ రోజు బస్టాండులో అమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. అమ్మకు భయమంటే ఏమిటో తెలియదని ఇన్నేళ్లూ రజిత అనుకుంది.

"నీకు భయం కాలేదా అమ్మా?"

"కాకేంది? నువ్వు మళ్ల అచ్చేదాక ముద్ద దిగలే. నాకు భయమైతదని నిన్ను ఇంట్ల కూసోబెడుదునా?"

రజిత తల్లి ఒళ్లో తల పెట్టబోతే చాట అడ్డం వచ్చింది. అరుగంతా నవ్వింది. రజితకూ నవ్వొచ్చింది.

రాజవ్వ సంచి భుజాన వేసుకునేసరికి మొగిలవ్వ ముందరి ఊరికి ఫోన్‌ చేసి గట్టిగా చెబుతోంది: "వెంకటవ్వా, మా ఆడిబిడ్డ అస్తున్నది. ఎర్రచీర. అరుగు మీద ఓ చాట పెట్టి ఉంచు."

"పోయస్త బిడ్డా" అంది రాజవ్వ.

"పోయి రా అమ్మా."

తల్లి వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా రజిత నవ్వుతూ చెయ్యి ఊపింది. మలుపులో ఎర్రచీర కనుమరుగయ్యాక ఆ చెయ్యి దించింది.

"బస్సు పోయినంక ఆ దినం అమ్మ ఇంటిదాక ఎట్ల నడిచిందో" అంటూ భర్త భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది.